అప్‌డేట్: ఐడిల్ వణుకు పోయింది, తప్పు పీసీవీ గొట్టానిది (ఇంజిన్ లోపలి ఆవిర్లను తిరిగి గాలి దారిలోకి పంపే గొట్టం)

ముందు నేను అడిగింది ఇదీ: నా కారు ఇంజిన్ వేడెక్కాక ఐడిల్ (యాక్సిలరేటర్ నొక్కకుండా ఇంజిన్ తిరిగే వేగం) 600–850 ఆర్‌పీఎం మధ్య ఊగుతోంది, స్టీరింగ్ వణుకుతోంది, పి0171 కోడ్ (గాలికి తగ్గ ఇంధనం అందట్లేదనే హెచ్చరిక) వస్తోంది. ఇగ్నిషన్ కాయిల్స్, స్పార్క్ ప్లగ్‌లు మార్చమని ఎక్కువమంది చెప్పారు. 1వ సిలిండర్ కాయిల్ తీసి 3వ దానికి వేసినా మిస్‌ఫైర్ (ఇంధనం సరిగ్గా మండకపోవడం) 1లోనే ఉండిపోయింది. అంటే కాయిల్ బాగానే ఉంది.

దారి చూపింది ఫ్యూయల్ ట్రిమ్, అంటే ఇంజిన్ కంప్యూటర్ ఇంధనాన్ని ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చూపే అంకె. ఐడిల్‌లో షార్ట్ (అప్పటికప్పుడు మారే), లాంగ్ (దీర్ఘకాలిక) ట్రిమ్‌లు కలిపి +22 శాతం, 2500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచితే +4. ఇది గాలి లీకు గుర్తు. ఐడిల్‌లో ఇంజిన్ పీల్చే గాలే తక్కువ, అందులో మాఫ్ సెన్సర్‌ని (లోపలికెళ్లే గాలిని కొలిచేది) తప్పించుకుని వచ్చే గాలి వాటా పెద్దది. రేస్ ఇచ్చేసరికి అదే లీకు పెద్ద ప్రవాహంలో కలిసిపోతుంది. ఫ్యూయల్ పంపు నీరసించి ఉంటే తీరు తిరగబడేది, లోడ్ పెరిగేకొద్దీ ట్రిమ్ పెరిగేది. మాఫ్ లేకుండా మ్యాప్ సెన్సర్‌తోనే (ఇంటేక్‌లోని ఒత్తిడిని కొలిచేది) నడిచే ఇంజిన్లలో మాత్రం ఈ పరీక్షను నమ్ముకోవద్దు. అక్కడ లీకు ఉంటే ఐడిల్ పెరగడమే ఎక్కువ.

ఇంటేక్‌లోకి (ఇంజిన్‌కి గాలి వెళ్లే దారిలోకి) 1 పీఎస్‌ఐ లోపు ఒత్తిడితో పొగ పంపితే పీసీవీ గొట్టం వంపు కింది వైపు నుంచి బయటికొచ్చింది. పైనుంచి పగులు కనిపించదు, వేలితో నొక్కితేనే తెరుచుకుంటుంది. దయచేసి వేడి ఇంజిన్ మీద కార్బ్ క్లీనర్ కొట్టి వెతకొద్దు, మంట అంటుకుంటుంది.

గొట్టం, రెండు క్లిప్పులు మార్చి, థ్రాటిల్ బాడీ శుభ్రం చేసి, స్కానర్‌తో ట్రిమ్‌లు చెరిపి ఐడిల్ రీలెర్న్ (కంప్యూటర్‌కి ఐడిల్‌ని మళ్లీ నేర్పించడం) చేయించాను. ఇప్పుడు ట్రిమ్ +2 నుంచి +5, ఐడిల్ 720 దగ్గర నిలకడగా ఉంది.