కామరూపి ఏ రూపమైనా దాల్చగలిగితే కథలో ఉత్కంఠ ఎలా నిలుస్తుంది?

ప్రశ్న

రెండేళ్లుగా ఒక నవల రాస్తున్నాను. అందులో ప్రధాన పాత్ర కామరూపి. ఒక్కసారి చేయి తాకితే చాలు, ఆ మనిషి రూపాన్ని గొంతుతో సహా ఎప్పుడు కావాలంటే అప్పుడు దాల్చగలడు. రాసినంతవరకు చదివిన మిత్రులకు మొదటి మూడు అధ్యాయాలు నచ్చాయి. నాలుగో అధ్యాయం నుంచి మాత్రం, ఏ ఆపద వచ్చినా అతడు మరో రూపం ఎత్తి తప్పించుకుంటాడని ముందే తెలిసిపోతున్నందువల్ల భయం కలగడం లేదని అందరూ ఒకే మాటగా చెప్పారు. రోజుకు ఒక గంట మాత్రమే శక్తి పనిచేస్తుందని గడువు పెట్టి చూశాను. అది బయటి నుంచి తెచ్చి అతికించిన నియమంలా ఉంది.

ఏడో అధ్యాయంలో అతడు యుద్ధంలో మరణించిన ఒక సైనికుడి రూపంలో, చావు కబురు ఇంకా చేరని ఇంటికి వెళ్లి తలుపు తడతాడు. తల్లి తలుపు తీస్తుంది, నమ్ముతుంది, లోపలికి రమ్మంటుంది. నవలకు గుండెకాయ వంటి ఆ ఘట్టం చప్పగా తేలిపోతోంది. ఇలాంటి పాత్రకు హద్దు ఎక్కడ గీయాలో అనుభవజ్ఞులు చెప్పగలరా?

మొదటి సమాధానం

గడువు పెట్టడం కంటే, మారని అంశం ఏదో ఒకటి అతడిలో మిగల్చడం మేలని నా అభిప్రాయం. భారతంలోని నలదమయంతుల కథను ఈ దృష్టితో మరోసారి చదవండి. స్వయంవరంలో ఇంద్రుడు, అగ్ని, వరుణుడు, యముడు నలుగురూ నలుడి రూపంలోనే వచ్చి కూర్చుంటారు. తన ఎదుట అయిదుగురు నలులను చూసి దిక్కుతోచని దమయంతి, తన మనసులోని సత్యాన్నే సాక్షిగా పెట్టి దేవతలను వేడుకుంటుంది. అప్పుడు వారు తమ చిహ్నాలను బయటపెడతారు. వారికి చెమట పట్టదు, రెప్ప పడదు, మెడలోని పూలదండ వాడదు, పాదాలు నేలను తాకవు. అసలు నలుడికి మాత్రం నీడ ఉంది, ఒంటి మీద దుమ్ము ఉంది, దండ వాడింది. మనిషిని పట్టి ఇచ్చినవి అతడి గొప్పతనాలు కావు, నలిగిపోయే గుణాలు.

అదే కథ తరువాతి భాగంలో పరీక్ష తలకిందులవుతుంది. కర్కోటకుడి కాటుకు నలుడు కురూపియై, బాహుకుడన్న పేరుతో వంటలు చేస్తూ, గుర్రాలను చూసుకుంటూ బతుకుతాడు. ఈసారి రూపం పోయింది, మనిషి మిగిలాడు. దమయంతి అతడు వండిన మాంసం తెప్పించుకుని నోట పెట్టుకోగానే ఆ చేతి రుచిని గుర్తుపడుతుంది. ముఖం మారినా చేయి మారలేదన్నమాట. ఒకే స్త్రీ ఒకసారి ఒకే రూపంలో ఉన్న అయిదుగురిలో ఒకరిని, మరొకసారి రూపం పోయిన ఒక్కడిని గుర్తించవలసి రావడం కథా నిర్మాణపరంగా ఎంత గొప్ప ఆలోచనో ఎన్నిసార్లు చదివినా ఆశ్చర్యమే.

మీ కామరూపి ఎవరి రూపం ఎత్తినా అతడిని వదలని చిన్న అలవాటు ఒకటి వెతకండి. దాన్ని మొదటి అధ్యాయంలోనే, ఎవరూ పట్టించుకోనంత మామూలుగా చూపించండి.

రెండవ సమాధానం

పై సమాధానంతో ఏకీభవిస్తూనే శరీరం సంగతి కూడా ఆలోచించమంటాను. మీ పాత్ర మనుషుల రూపాలకే పరిమితం కాబట్టి మీకు ఇబ్బంది తక్కువ. పక్షిగానో పురుగుగానో మార్చేవారు మాత్రం బరువు ఎక్కడికి పోయిందో తేల్చుకోవాలి. డెబ్బై కిలోల మనిషి అదే బరువుతో పిచ్చుక అయితే కొమ్మ విరుగుతుంది. ఎత్తు రెట్టింపైతే బరువు ఎనిమిది రెట్లవుతుంది, ఎముక అడ్డుకోత వైశాల్యం మాత్రం నాలుగు రెట్లే పెరుగుతుంది. ఈ చిక్కును గెలీలియో 1638లోనే వివరించాడు. మన పురాణ సంప్రదాయం దీన్ని సిద్ధుల పేరుతో దాటింది: చిన్నగా కావడానికి అణిమ, పెద్దగా కావడానికి మహిమ, బరువెక్కడానికి గరిమ, తేలికపడడానికి లఘిమ. ఆకారం ఒక శక్తి, బరువు మరొక శక్తి అని విడదీయడం రచయితకు ఎంతో ఉపయోగపడుతుంది, ఎందుకంటే మీ పాత్రకు ఒకటి ఇచ్చి రెండవది ఇవ్వకుండా ఉండవచ్చు. సన్నని బాలిక రూపంలో ఉన్నవాడు మెట్లెక్కుతుంటే చెక్క కిర్రుమనడం వినిపిస్తే, కింద గదిలోని కావలివాడు తల ఎత్తి చూస్తాడు. మీరు కోరుకుంటున్న భయం అక్కడ పుడుతుంది.

మూడవ సమాధానం

ఇద్దరు మిత్రులూ చక్కగా చెప్పారు కానీ, మీ ఏడో అధ్యాయానికి అది సగం మందు మాత్రమే అనిపిస్తోంది. రూపం మార్చుకున్నవాడు బయటపడతాడా లేదా అన్నదాని కంటే, ఎదుటి మనిషి ఎందుకు నమ్మింది అన్నది లోతైన ప్రశ్న. మార్కండేయ పురాణంలో, ప్రవరుడు తిరస్కరించి వెళ్లిపోయాక విరహంతో కుమిలిపోతున్న వరూధిని దగ్గరికి ఒక గంధర్వుడు ప్రవరుడి రూపంలో వస్తాడు. కలయిక వేళ కళ్లు మూసుకోవాలని షరతు పెడతాడు, ఆమె ఒప్పుకుంటుంది. పెద్దన మనుచరిత్ర చదివిన మనందరికీ పరిచితమైన కథే ఇది. ఆ మాయకు బలం గంధర్వుడి విద్య ఒక్కటే కాదు, ప్రవరుడు తిరిగి రావాలన్న ఆమె కోరిక కూడా. మీ కథలోని తల్లి కళ్లు ఎవరూ మూయమనకుండానే మూసుకుంటుందేమో ఆలోచించండి.

ప్రశ్న అడిగినవారి స్పందన

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. ఇంకొక సందేహం: ఇన్ని శరీరాలు మారినవాడికి తన చిన్ననాటి అలవాటు నిలుస్తుందంటే పాఠకులు నమ్ముతారా?

రెండవ సమాధానం ఇచ్చినవారు

తప్పక నమ్ముతారు. 2008లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, గొంగళిపురుగులకు ఒక వాసన చూపిస్తూ స్వల్పంగా విద్యుత్ షాక్ ఇచ్చారు. ప్యూపా దశలో వాటి శరీరం దాదాపుగా కరిగి కొత్తగా ఏర్పడుతుంది. అయినా చివరి లార్వా దశలో ఆ శిక్షణ పొందినవాటిలో చాలా భాగం, రెక్కలొచ్చి మాత్ లుగా మారిన తరువాత కూడా ఆ వాసనకు దూరంగా జరిగాయి.

ప్రశ్న అడిగినవారి స్పందన

అయితే ఘట్టాన్ని ఇలా మారుస్తున్నాను. మా కామరూపి ఆకలితో పెరిగినవాడు, ఎవరో లాక్కుంటారన్నట్టు గ్లాసును ఎప్పుడూ రెండు చేతులతో పట్టుకుంటాడు. మొదటి అధ్యాయంలో జైలు గదిలో ఒకసారి, మూడో అధ్యాయంలో దొర వేషంలో విందులో ఇంకోసారి అది కనిపిస్తుంది. ఏడో అధ్యాయంలో తల్లి నీళ్లు ఇస్తుంది. అతడు రెండు చేతులతో అందుకుని గటగటా తాగుతాడు. ఆమె చూపు ఆ చేతుల మీద నిలిచిపోతుంది, ముఖం వైపు మళ్లీ వెళ్లదు. అడగవలసిన ప్రశ్న అడగకుండా, ఖాళీ గ్లాసు అతడి చేతుల్లోంచి తీసుకుని మళ్లీ నింపుతుంది.