ప్రత్యేక విద్యలో పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ: అనుభవజ్ఞుల సలహా కావాలి

నమస్కారం. నేను హనుమకొండ జిల్లాలోని ఒక భవిత కేంద్రంలో (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రం) ఒప్పంద పద్ధతిపై రిసోర్స్ పర్సన్‌గా పనిచేస్తున్నాను, ఎం.ఎడ్. స్పెషల్ ఎడ్యుకేషన్ పూర్తి చేశాను. మా పిల్లల్లో కొందరు గుణింతాలు తడుముకోకుండా చదివినా, ఒత్తు దగ్గరికి వచ్చేసరికి తడబడతారు. ‘చెట్టు’ అని రాసి చూపితే, వేలు ‘టు’ మీద ఆపి, కింది ఒత్తును వదిలేసి ‘చెటు’ అంటారు. ఇంగ్లిషు చదివే పిల్లల కోసం తయారైన పరీక్షలు ఈ ఇబ్బందిని పట్టుకోలేవని నా గట్టి నమ్మకం కనుక, తెలుగు లిపికి తగిన అంచనా విధానంపైనే పరిశోధన చేయాలనుకుంటున్నాను.

యూజీసీ 2022 నిబంధనలు పార్ట్‌టైమ్ పీహెచ్‌డీని అనుమతిస్తున్నాయి గానీ, ఉద్యోగం చేసేచోటు నుంచి నిరభ్యంతర పత్రం తేవాలంటున్నాయి. ఒప్పంద సిబ్బందికి ఆ పత్రం జిల్లా స్థాయిలోనే ఇస్తారా, హైదరాబాద్ దాకా వెళ్లాలా? కాకతీయ విశ్వవిద్యాలయంలో విద్యాశాస్త్రం ఆచార్యుల వద్ద చేరి, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్‌ఐఈపీఐడీ (మేధో వైకల్యం ఉన్నవారి సాధికారత కోసం పనిచేసే జాతీయ సంస్థ) నుంచి సహ మార్గదర్శకులను పొందినవారు ఎవరైనా ఉన్నారా? అన్నిటికంటే ముఖ్యంగా, విద్యాశాస్త్రంలో వచ్చిన పీహెచ్‌డీ ఆర్‌సీఐ (ప్రత్యేక విద్య కోర్సులను నియంత్రించే భారత పునరావాస మండలి) గుర్తింపు ఉన్న కళాశాలల్లో అధ్యాపక పోస్టుకు చెల్లుతుందా? జీతం వదులుకుని పూర్తికాలం చేరడం నాకు సాధ్యం కాదు కాబట్టి, ఈ దారిలో నడిచినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.