పోర్చుగీసు చదివితే అర్థమవుతోంది, వింటే అందట్లేదు

లిస్బన్‌లో ఉంటున్నాను. 7 నెలలుగా రోజూ పొద్దున 40 నిమిషాలు ఆన్‌లైన్‌లో పోర్చుగీసు నేర్చుకుంటున్నాను, ఒక్కరోజూ మానలేదు. నవంబర్‌లో ఏ2 (ప్రాథమిక స్థాయి) పోర్చుగీసు పరీక్ష, అదే టెన్షన్. చదవడం, రాయడం ఫరవాలేదు. వినడమే రావట్లేదు.

యాప్‌లో నేర్పింది బ్రెజిల్ ఉచ్చారణ అని ఆలస్యంగా తెలిసింది. అక్కడ ‘తెలెఫోని’ అనే మాట ఇక్కడ ‘త్‌ల్‌ఫోన్’ అని వినిపిస్తుంది. ఒత్తి పలకని అచ్చుల్ని మింగేస్తారు. మాట చివర అచ్చు ఉండాలనుకునే మన తెలుగు చెవికి ఇది నిజంగా కష్టం.

ఇక్కడి ప్రభుత్వ టీవీ ఆర్‌టీపీలో వార్తలు సబ్‌టైటిల్స్‌తో 2 నెలలు చూశాను. చదివేస్తున్నాను తప్ప వినట్లేదు. వేగం 0.75కి తగ్గిస్తే అర్థమవుతోంది, మామూలు వేగానికి రాగానే మళ్ళీ మొదటికే. ట్యూటర్‌తో వారానికి 2 క్లాసులు కూడా పెట్టుకున్నాను, ఆవిడ నా కోసం నెమ్మదిగా మాట్లాడతారు.

ఈ దశ దాటినవాళ్ళు చెప్పండి: ఆ 40 నిమిషాల్లో ఏం చేస్తే పోర్చుగల్ వాళ్ళ మామూలు మాట మీ చెవికి పట్టింది?