మారిన మనిషిని చేర్చుకోవడం నాకెందుకింత కష్టంగా ఉంది?

ద్రాక్షతీగ:
అందరికీ వందనాలు. చాలా రోజులుగా మనసులో నలుగుతున్న విషయం, ఎవరితో చెప్పుకోవాలో తెలీక ఇక్కడ రాస్తున్నా. మా సంఘంలో ఈమధ్య ఒకాయన బాప్తిస్మం తీసుకున్నారు. ఆయన గతం మా అందరికీ తెలుసు, తాగి గొడవలు, తీసుకున్న అప్పులు ఎగ్గొట్టడం, అందులో మా అన్నయ్య డబ్బులు కూడా ఉన్నాయి, అడగడానికి వెళ్తే అన్నయ్య మీద చెయ్యి కూడా చేసుకున్నారు. ఇప్పుడు అదే మనిషి ఆదివారం చివరి వరసలో గుమ్మం పక్కన కూర్చుని కళ్ళు మూసుకుని పాడుతుంటే నాకు నోట్లోంచి పాట రావట్లేదు. ఆయన కూడా ఎవరితోనూ కలవరు, ముగింపు ప్రార్థనకి మేం కళ్ళు తెరిచేసరికి ఆ కుర్చీ ఖాళీగా ఉంటుంది.

వచ్చే నెల నుంచి హోమ్ ఫెలోషిప్ (ఇంట్లో జరిగే ప్రార్థన కూటం) మీ ఇంట్లో పెడదాం, ఆయన్ని కూడా పిలవండి అన్నారు పాస్టర్ గారు. "దేవుడే చేర్చుకున్నాడు కదమ్మా, కాదనడానికి మనమెవరం" అన్నారు. నిజమే, కాదనలేను. కానీ ఇది వెంటనే లోబడాల్సిన విషయమా, లేక నా మనసు సిద్ధపడేదాకా ఆగొచ్చా? పైకి నవ్వుతూ పిలిచి లోపల మండిపోతుంటే అది విధేయత అవుతుందా అసలు? వాక్యంలోంచి చెప్పండి. "క్షమించెయ్యండి సిస్టర్" అని ఒక్క ముక్కలో తేల్చెయ్యకండి ప్లీజ్.

ఉదయప్రార్థన:
సిస్టర్, అపొస్తలుల కార్యములు 9 ఈసారి సౌలు వైపు నుంచి కాకుండా అననీయ వైపు నుంచి చదవండి. సౌలు అంటే విశ్వాసుల్ని బంధించడానికి దమస్కుకి వెళ్తూ దారిలో ప్రభువు స్వరం విని మారినవాడు, తర్వాత అపొస్తలుడైన పౌలు. మనం ఎప్పుడూ ఆ వెలుగు, నేల మీద పడిపోవడం, ఆ స్వరం, అక్కడే ఆగిపోతాం, ప్రసంగాలు కూడా ఎక్కువ అక్కడే ఉంటాయి. అదే దమస్కులో ఇంకోపక్క అననీయ అని ఒక శిష్యుడున్నాడు, అపొస్తలుడేం కాదు, మనలాంటి విశ్వాసి. ప్రభువు వీధి పేరు, ఏ ఇంట్లో ఉన్నాడో ఆ ఇంటాయన పేరు కూడా చెప్పి వెళ్ళమంటే ఆయన మొదట చేసింది అభ్యంతరం చెప్పడం. ప్రభువా ఈ మనిషి యెరూషలేములో నీ పరిశుద్ధులకి ఎంత కీడు చేశాడో చాలామంది చెప్పగా విన్నాను, ఇక్కడ కూడా మమ్మల్ని బంధించడానికి అధికారం తెచ్చుకున్నాడు అని ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

ప్రభువు దానికి కోప్పడలేదు చూడండి. నువ్వు విన్నది అబద్ధం అనీ అనలేదు, ఎలా అంటాడు, విశ్వాసం కోసం చనిపోయిన స్తెఫనుని రాళ్ళతో కొట్టినప్పుడు సాక్షులు తమ బట్టలు పెట్టింది ఇతని పాదాల దగ్గరే కదా. అదంతా మర్చిపో అని కూడా అనలేదు. వెళ్ళు, ఇతన్ని నేను ఏర్పరచుకున్నాను అన్నాడు. ఈయన వెళ్ళాడు. మూడు రోజులుగా తిండీ నీళ్ళూ లేక చూపు లేక కూర్చున్న ఆ మనిషి మీద చేతులుంచి, సౌలా సహోదరుడా అని పిలిచాడు. అప్పటికి సౌలు బాప్తిస్మం కూడా తీసుకోలేదు, మారాడనడానికి మనుషులు చూసిన రుజువు ఒక్కటీ లేదు. నాకైతే పౌలు చేసిన ప్రయాణాలన్నిటికంటే అననీయ ఆ వీధిలో నడిచిన నడకే ఎక్కువ కదిలిస్తుంది.

మనసు కుదుటపడ్డాక వెళ్ళాడని అక్కడ ఎక్కడా లేదు సిస్టర్. కాబట్టి లోపల మంట ఉన్నంత మాత్రాన మీరు లోబడనట్టు కాదు. ఆ మంట ముందు దేవుడికి చెప్పుకోండి, అన్నయ్య సంగతితో సహా అంతా. అననీయ అదే చేశాడు.

రాతిపునాది:
పై బ్రదర్ చెప్పింది బాగుంది, కానీ ఒక తేడా ఉంది. అననీయకి ప్రభువే నేరుగా చెప్పాడు, ఇక్కడ చెప్పింది పాస్టర్ గారు. పాస్టర్ గారి మాట మీద గౌరవం ఉండాలి, దేవుడి ఆజ్ఞ, పాస్టర్ ప్లాను రెండూ ఒకటే అనుకోకూడదు. మనిషిని సహోదరుడిగా చేర్చుకోవడం ఆజ్ఞ. ఫలానా నెల నుంచి ఫలానా ఇంట్లో అనేది ఏర్పాటు, మార్చుకోవచ్చు.

ఇంకోటి, ఎవరూ అడగట్లేదు కాబట్టి నేనే అడుగుతున్నా, ఆయన మీ అన్నయ్య డబ్బులు తిరిగిచ్చారా? ఇవ్వలేకపోతే కనీసం వచ్చి మాట్లాడారా? పన్నులు వసూలు చేసే జక్కయ్య ఇంటికి రక్షణ వచ్చిందని యేసు అన్నది ఎప్పుడు, అతను లేచి నిలబడి సగం ఆస్తి బీదలకిస్తాను, అన్యాయంగా తీసుకున్నవాళ్ళకి నాలుగంతలు ఇస్తాను అన్నాక. ధర్మశాస్త్రంలో సంఖ్యాకాండము 5 ప్రకారం తప్పు ఒప్పుకున్నవాడు అసలుతో పాటు అయిదో వంతు కలిపి ఇస్తే సరిపోతుంది, అతను దాన్ని దాటి వెళ్ళాడు. డబ్బిచ్చి రక్షణ కొనుక్కున్నాడని కాదు నేననేది, లోపల మారితే అది చేతిదాకా వస్తుంది అంటున్నా.

ఫిలేమోను పత్రిక కూడా చూడండి. ఫిలేమోను దగ్గర దాసుడైన ఒనేసిముని ఇక దాసుడిలా కాక ప్రియ సహోదరుడిలా చేర్చుకో అని రాసిన పౌలే, అతను నీకేమైనా బాకీ ఉంటే నా లెక్కలో వెయ్యి, నేను తీరుస్తాను అని తన చేత్తో రాశాడు. చేర్చుకోమన్న మాట, బాకీ మాట, రెండూ ఆ చిన్న ఉత్తరంలోనే ఉన్నాయి. మన సంఘాల్లో మొదటిది గట్టిగా చెప్తాం, రెండోదాని జోలికి పోము, నష్టపోయినవాళ్ళనేమో మనసు పెద్దది చేసుకోమంటాం. ఇది నాకు చాలా బాధగా ఉంటుంది. చేర్చుకున్నాం కదా అని వెంటనే సంఘం లెక్కలు, పిల్లల క్లాసులు అప్పజెప్పమని కూడా కాదు, అధ్యక్షుడిగా కొత్తగా చేరినవాణ్ణి పెట్టొద్దని 1 తిమోతి 3 లో ఉంది.

కొత్తచిగురు:
నేను ఆ చివరి వరసలో కూర్చునే మనిషిని సిస్టర్, వేరే సంఘంలో. అందుకే రాస్తున్నా. మేం త్వరగా వెళ్ళిపోయేది పొగరుతో కాదు, మేం ఆగితే మీరు పలకరించాలా వద్దా అని ఇబ్బంది పడతారు, ఆ ఇబ్బంది మీ మొహాల్లో కనబడుతుంది, అది చూడలేక వెళ్ళిపోతాం. నా సాక్ష్యం చెప్పమని స్టేజ్ ఎక్కించినవాళ్ళు చాలామంది, దిగొచ్చాక పక్కన కూర్చోమన్నవాళ్ళు తక్కువ. సంఘ పెద్ద ఒకాయన మాత్రం నన్ను వెంటబెట్టుకుని నేను ఎవరెవర్ని ఏడిపించానో వాళ్ళిళ్ళకి తీసుకెళ్ళారు, నేను మాట్లాడుతుంటే ఆయన పక్కన ఊరికే కూర్చునేవారు. కొందరు తలుపు తియ్యలేదు. తియ్యకపోవడం వాళ్ళ హక్కు, నేనేమీ అనుకోలేదు.

గలతీ 1 ప్రకారం పౌలు మూడేళ్ళ తర్వాత యెరూషలేము వెళ్ళాడు, అప్పటికీ శిష్యులు భయపడ్డారు, నమ్మలేదు. బర్నబా అనే విశ్వాసి చేరదీసి అపొస్తలుల దగ్గరకి తీసుకెళ్ళాడు. తమాషా ఏంటంటే ఆ పౌలే తర్వాత మార్కు అనే తోటి సేవకుడి విషయంలో, సువార్త ప్రయాణం మధ్యలో వదిలేసి పోయినవాడు మనకొద్దు అని బర్నబాతోనే వాదించి విడిపోయాడు. మళ్ళీ చివరి రోజుల్లో మార్కుని వెంటబెట్టుకుని రా, నాకు పనికొస్తాడు అని తిమోతికి రాశాడు. పౌలుకే అంత టైమ్ పట్టింది, మీకు పట్టదా. కానీ ఆయన వైపు ఒక బర్నబా ఉండాలి, అది మీరే కానక్కర్లేదు.

ద్రాక్షతీగ:
అందరికీ థాంక్స్, చదువుతూ ఏడ్చేశాను. లేదు బ్రదర్, డబ్బులు ఇవ్వలేదు, మాట్లాడనూ లేదు, అన్నయ్య అసలు సంఘానికి రావడమే మానేశాడు. మా ఇంట్లో కూటం కంటే ముందు ఇది తేలాలని ఇప్పుడు స్పష్టంగా తెలుస్తోంది. పాస్టర్ గారితో చెప్తాను. కానీ ఈ మాట ఎవరు మొదలుపెట్టాలి, మేమా ఆయనా?

రాతిపునాది:
మత్తయి 5:23-24 చూడండి. అర్పణ బలిపీఠం దగ్గరే వదిలి ముందు వెళ్ళి సమాధానపడమన్నది, ఎవరి మీద సహోదరుడికి విరోధం ఉందో ఆ మనిషిని. అంటే ఇక్కడ ఆయన్ని. అది ఆయనకి చెప్పి పంపాల్సింది పాస్టర్ గారు, మీరు కాదు. కొత్త విశ్వాసి కదా, ఎవరూ నేర్పకపోతే ఆయనకీ తెలీకపోవచ్చు. అన్నయ్య ఒప్పుకుంటేనే కూర్చోండి, సంఘ పెద్ద ఒకరు మధ్యలో ఉండాలి, నెలకి ఎంత ఇవ్వగలరో కాగితం మీద రాసుకోండి. అన్నయ్య ఇప్పుడే వద్దంటే బలవంతం చెయ్యకండి. ఈలోపు ఆదివారం కనబడితే వందనాలు బ్రదర్ అనండి, ప్రస్తుతానికి అంతవరకు చాలు.