"వినినంతనె వేగపడక వివరింపదగున్": ఇక్కడ వివరించడం అంటే ఏంటండీ?

గోదారి గట్టు:
అందరికీ నమస్కారం. మా ఆఫీసులో తెలుగువాళ్ళం మాత్రమే కూర్చునే చిన్న సెషన్ ఒకటుంది. డిజైన్ టైములో గీసుకున్న స్టేట్ డయాగ్రాములు (సిస్టం ఏ స్థితి నుంచి ఏ స్థితికి మారుతుందో బాణాలతో చూపే బొమ్మలు), సీక్వెన్స్ డయాగ్రాములు (ఏ భాగం ఎవరికి ఏ వరుసలో కబురు పంపుతుందో చూపేవి), సిమ్యులేషన్ మోడళ్ళు అటకెక్కించకుండా వెరిఫికేషన్‌కీ (రాసుకున్నట్టే కట్టామా అని చూడటం) వాలిడేషన్‌కీ (అసలు అవసరానికి సరిపోతుందా అని చూడటం) మళ్ళీ ఎలా వాడుకోవాలి అన్నది టాపిక్. మొదటి స్లైడు మీద సుమతి పద్యం వేద్దామని కూర్చున్నా: 'వినదగు నెవ్వరు చెప్పిన / వినినంతనె వేగపడక వివరింపదగున్ / కనికల్ల నిజము దెలిసిన / మనుజుడె పో నీతిపరుడు మహిలో సుమతీ'. రెండో పాదం చివర నా నోట్లో ఎప్పుడూ 'వివరింపదగును' అనే వస్తుంది, చూస్తే 'దగున్' అని ఉంది. సరే అదొకటి. అసలు గోల ఏంటంటే, వివరించడం అంటే ఎక్స్‌ప్లెయిన్ చేయడమే కదా, విన్నవాడు తొందరపడకుండా ఎవరికి ఎక్స్‌ప్లెయిన్ చేయాలి? మూడో పాదంలో 'కనికల్ల' అని కలిపి రాస్తున్నారు, అలా ఒక మాట ఉందా, కని వేరు కల్ల వేరా?

ఛందస్సు మాస్టారు:
దగును అంటే కందం ఒప్పుకోదు బాబూ. రెండో పాదం, నాలుగో పాదం చివర గురువు పడాలి. 'పదగున్' స గణం, రెండు లఘువులూ ఒక గురువూ. 'పదగును' అన్నా మాత్రలు నాలుగే, కానీ నాలుగూ లఘువులే, నలము అవుతుంది, అందుకే చెవికి పట్టుబడదు, చాలామంది జీవితాంతం అలాగే చదివేస్తారు. కని వేరు, కల్ల వేరు. కల్ల నిజము కని తెలిసినవాడు అని అన్వయం.

టెస్టింగ్ తాయారు:
మాస్టారూ ఇది మా వాళ్ళకి భలే పనికొస్తుంది! మాత్రలు మాత్రమే లెక్కపెట్టే టూల్ రాస్తే 'దగును' పాస్ అయిపోతుంది. మా దగ్గర రోజూ జరిగేది ఇదే.
వివరించడం సంగతి. పాత వాడుకలో అది విప్పి చూడటం, విచారించడం. వివరణ అనే మాటలోనే కప్పింది తీయడం ఉంది. ఇంకొకడికి చెప్పడం తర్వాత వచ్చిపడిన అర్థం. నా లెక్కలో వివరించడం వెరిఫికేషన్, కనడం వాలిడేషన్. కాగితం మీద విప్పి చూడటం ఒకటి, కళ్ళతో చూడటం ఇంకొకటి. బద్దెన రెండూ విడివిడిగా చెప్పాడు.

ఓరుగల్లు పిల్ల:
అక్కా నువ్వు మరీ ఎక్కువ చదువుతున్నవ్ ఆ పద్యంల. ముందుగాల బద్దెన రాసిండా లేదా అన్నదే తేలలే. నీతిశాస్త్ర ముక్తావళి ఆయనదే అంటరు, శతకం సంగతి పంచాయితీనే. ఇంకోటి, కనడం అంటే కండ్లతోని చూసుడే అని ఎవరు చెప్పిన్రు? కనుగొనుడు కూడా కనడమే. అప్పుడు నీ వాలిడేషన్ కూడా కాగితం మీదికే వస్తది.

టెస్టింగ్ తాయారు:
బద్దెన కాకపోతే ఇంకెవరో, వాళ్ళకీ నా దండమే. కానీ చెల్లీ, నువ్వు కనుగొనడం అన్నావంటే మొత్తం పద్యంలో పని చేసేది ఒక్క 'వివరింప' మాత్రమే అవుతుంది, కని ఊరికే పాదం నింపే మాట, పాదపూరణం అవుతుంది. అంత తేలిగ్గా తీసేయకు.

డాలస్ బాబాయ్:
మీరిద్దరూ మొదటి పాదం వదిలేశారమ్మా. 'ఎవ్వరు చెప్పిన' అన్నాడు, కీలకం అక్కడుంది. మోడల్ నుంచే కోడ్ జనరేట్ చేసి, అదే మోడల్ నుంచి టెస్టులు కూడా జనరేట్ చేస్తే చెప్పేది ఎవరు, వివరించేది ఎవరు? ఇద్దరిదీ ఒకే నోరు. అన్ని టెస్టులూ పాస్ అని పచ్చగా వెలుగుతాయి. దానివల్ల తెలిసేది కోడ్ జనరేటర్ సరిగా ఉందని, అంతే. మోడల్లో తప్పుంటే కోడ్‌లోనూ అదే తప్పు, టెస్టు ఆశించే జవాబులోనూ అదే తప్పు, రెండూ చేతులు కలుపుతాయి.
తాళపత్రాల వాళ్ళని అడగండి. ఒకే మాతృక నుంచి ఎత్తిరాసిన పది ప్రతులు ఒకే పాఠం చూపిస్తే పది సాక్ష్యాలు కావు, ఒకటే సాక్ష్యం. బ్రౌను దొర వేమన పద్యాలకి అన్నన్ని ప్రతులు ఎందుకు పోగు చేయించి పక్కపక్కన పెట్టి చూశాడనుకున్నారు? 1829లో అచ్చువేసేనాటికే ఆయనకి ఈ బాధ తెలుసు.

ఓరుగల్లు పిల్ల:
బాబాయ్ మళ్ళీ బ్రౌన్ దగ్గరికి పోయిండు 😄 ఏ చర్చ అయినా పది కామెంట్లల్ల బ్రౌన్ రావాల్సిందే.

గోదారి గట్టు:
బాబాయ్ గారూ, మరైతే మోడల్ మళ్ళీ వాడుకోవద్దనా మీరనేది? నా సెషన్ మొత్తం దాని మీదే కదండీ.

డాలస్ బాబాయ్:
వద్దని ఎవరన్నారయ్యా. దేనికి వాడుతున్నావో తెలిసి వాడు. మోడల్‌కీ కోడ్‌కీ ఒకే ఇన్‌పుట్లు ఇచ్చి బ్యాక్ టు బ్యాక్ పోల్చడం మంచి పని, కార్ల వాళ్ళ భద్రతా ప్రమాణం ఐఎస్ఓ 26262 కూడా చెప్తుంది. మోడల్ మీద నడిపిన టెస్టు వెక్టర్లే (ఇచ్చే ఇన్‌పుట్లు, రావాల్సిన జవాబులు) తర్వాత కోడ్ మీద, ఆ తర్వాత అసలు కంట్రోలర్ బోర్డు మీద నడపొచ్చు, ప్రతిసారీ కొత్తగా రాసుకోనక్కర్లేదు. డయాగ్రాంలో ఒక బాణం మారితే ఏ టెస్టులు మళ్ళీ నడపాలో ట్రేసబిలిటీ (ఏది దేని నుంచి వచ్చిందో రాసుకున్న లంకె) ఉంటే ఇట్టే దొరుకుతుంది. ఇదంతా వెరిఫికేషన్. విమానాల వాళ్ళు ఇంకా గట్టిగా ఉంటారు. మోడళ్ళ గురించి వాళ్ళ ప్రమాణం డీఓ-331లో స్పెసిఫికేషన్ మోడల్ (ఏం చేయాలో చెప్పేది), డిజైన్ మోడల్ (ఎలా చేయాలో చెప్పేది) అని రెండు రకాలు, ఒకే మోడల్ రెండూ కాకూడదు అని రూలు.

టెస్టింగ్ తాయారు:
ఇక్కడ నా అనుభవం ఒకటి. రైలు బోగీ తలుపుల కంట్రోలర్, కంపెనీ పేరొద్దు. స్టేట్ డయాగ్రాంలో 'ఆగి ఉంది', 'కదులుతోంది' రెండే, వేగం సున్నా దాటితే కదులుతోంది. దాని నుంచి ప్రతి బాణం కవర్ అయ్యేలా టెస్టులు పుట్టించారు, అన్నీ పాస్. యార్డులో చూస్తే బోగీ నిలబడే ఉన్నా సెన్సార్ చిన్న చిన్న అంకెలు చూపిస్తూ ఉంటుంది, సున్నా దగ్గర నిలవదు. తలుపు తెరుచుకోనంటుంది. డయాగ్రాంలో లేని బాణానికి టెస్టు ఎక్కణ్ణుంచి వస్తుంది? బాణాల కవరేజీ నూటికి నూరు, తలుపు మాత్రం మూసే ఉంది. ఆ డయాగ్రామునే బొమ్మలా కదిలించి ఒక గార్డు గారి ముందు పెట్టుంటే ఐదు నిమిషాల్లో అనేవాడు, 'అమ్మా బండి ఎప్పుడూ అంత కుదురుగా నిలబడదు' అని. కని అంటే ఇదీ చెల్లీ.

ఓరుగల్లు పిల్ల:
సరే అక్కా, గార్డుకు దండం. గని గార్డుకు చూపెట్టింది కూడా మోడలే కదా, అసలు బోగీ కాదు. నువ్వే మళ్ళ వాడుకున్నవ్! అంటే వాలిడేషన్‌కు కూడ మోడల్ పనికొస్తది, జవాబు చెప్పేటోడు బయటోడు అయితే చాలు. కనేది ఎవరు అన్నది ముఖ్యం, దేన్ని అన్నది కాదు.

పాత పుస్తకాలోడు:
ఆలస్యంగా వచ్చా. దేన్ని అన్నది కాదు అంటే ఒప్పుకోను. వేమన్న దగ్గరికి పదండి: 'ఉప్పు కప్పురంబు నొక్క పోలిక నుండు, చూడ చూడ రుచుల జాడ వేరు'. 1996 జూన్ 4, యూరప్ వాళ్ళ ఏరియాన్ 5 రాకెట్ మొదటి ప్రయోగం. పాత ఏరియాన్ 4లో చక్కగా పనిచేసిన ఇనర్షియల్ రిఫరెన్స్ పెట్టె (రాకెట్ ఎటు, ఎంత వేగంగా పోతోందో చెప్పేది) సాఫ్ట్‌వేర్‌ని దాదాపు అలాగే తెచ్చి పెట్టారు. 64 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ అంకెని (దశాంశాల పెద్ద అంకె) 16 బిట్ల సైన్డ్ ఇంటీజర్‌లో (చిన్న పూర్ణాంకం గడి) కుక్కబోతే పట్టలేదు, కొత్త రాకెట్ దారి వేరు, అడ్డవేగం ఎక్కువ. బ్యాకప్ పెట్టెలోనూ అదే సాఫ్ట్‌వేర్, అది ఇంకాస్త ముందే పడిపోయింది. లేచి 40 సెకన్లు కాకముందే రాకెట్ ముక్కలైపోయింది. ఇంకా బాధేంటంటే ఆ లెక్క చేస్తున్న అలైన్‌మెంట్ ఫంక్షన్‌కి (ఎగరకముందు పెట్టెను సరిచూసుకునే పని) ఏరియాన్ 5 గాల్లోకి లేచాక అసలు పనే లేదు.
సిస్టం టెస్టుల్లో ఏం పెట్టారో చూడండి. అసలు పెట్టె బదులు దాని సిమ్యులేటెడ్ అవుట్‌పుట్లు పెట్టారు. ఉప్పు స్థానంలో కప్పురం. చూడ్డానికి ఒక్కలాగే ఉంది. ఆ ప్రమాదాన్ని విచారించిన లియోన్స్ కమిటీ రిపోర్టు చదివితే కొత్త ప్రయాణమార్గం లెక్కలు ఆ పెట్టె రిక్వైర్‌మెంట్స్‌లోకే (అది ఏం చేయాలో రాసుకున్న పత్రం) ఎక్కించలేదని ఉంటుంది.

ఛందస్సు మాస్టారు:
'చూడ చూడ' అని రెండుసార్లు అన్నాడు చూశారా వేమన్న. ఆటవెలది నిండాలని కాదు అది. ఒక్కసారి చూస్తే తెలీదు అనే.

టెస్టింగ్ తాయారు:
మాస్టారూ, చూస్తే కాదు, నోట్లో వేసుకుంటేనే తెలుస్తుంది. రుచుల జాడ అన్నాడు కదా.

గోదారి గట్టు:
అయితే టెస్టు మోడల్ వేరే టీముతో వేరేగా గీయించేస్తే సరిపోతుందంటారా? ఖర్చు డబుల్ అని మా మేనేజర్ గారు కుర్చీలోంచి లేచిపోతారు.

డాలస్ బాబాయ్:
వేరే టీము గీసినా పూర్తి భరోసా లేదు. 1986లో జాన్ నైట్, నాన్సీ లెవెసన్ అనే పరిశోధకులు ఒకే స్పెసిఫికేషన్ ఇచ్చి 27 ప్రోగ్రాములు విడివిడిగా రాయించారు, పది లక్షల టెస్టులు పెట్టారు. ఎవరి తప్పులు వాళ్ళవి అనుకుంటే వచ్చే లెక్క కంటే చాలా ఎక్కువసార్లు ఒకే చోట కలిసి తప్పారు. కష్టమైన చోట అందరి కాలూ జారుతుంది. నేనైతే సగం సగం చేస్తా. స్టేట్ల పేర్లు, ఈవెంట్ల పేర్లు, ఇంటర్‌ఫేసులు డిజైన్ మోడల్ నుంచే తీసుకుంటా, అవి మళ్ళీ గీయడం దండగ. కానీ ఏ షరతు మీద బాణం దాటాలి, దాటాక ఏం రావాలి అన్నది మాత్రం డిజైన్ ఫైల్ మూసేసి రిక్వైర్‌మెంట్స్ నుంచి ఇంకొకరితో రాయిస్తా. తాయారమ్మ చెప్పిన తలుపు కథలో దొరకాల్సింది ఆ షరతే, 'సున్నా అంటే ఎంత' అని.

ఓరుగల్లు పిల్ల:
గిది మంచిగుంది బాబాయ్. గని ఆ ఇంకొకరు కూడ పక్క సీటోడే అయితడు, చాయ్ తాగుతా మాట్లాడుకుంటరు, అదే అర్థం ఇద్దరి తలకెక్కుతది.

పాత పుస్తకాలోడు:
అందుకే మోడల్‌కి ఒరవడి అనే మాట పెట్టమంటా. బడిలో మాస్టారు పైన రాసిచ్చే గీత. దాన్ని చూసి కింద దిద్దుతాం. దిద్దింది ఒరవడిలా ఉందా అన్నది ఒక ప్రశ్న, మాస్టారు రాసిన అక్షరమే తప్పా అన్నది వేరే ప్రశ్న.

ఛందస్సు మాస్టారు:
ఇప్పుడు పేపర్లలో ఒరవడి అంటే జోరు, ధోరణి అయిపోయింది నాయనా, నువ్వు స్లైడ్లో రాస్తే ట్రెండ్ అనుకుంటారు. మేలుబంతి అను, చూసి దిద్దే గీతకే ఇంకో పేరు.

పాత పుస్తకాలోడు:
మేలుబంతి అంటే క్రికెట్ అనుకుంటారు మాస్టారూ.

గోదారి గట్టు:
మోడల్ అనే ఉంచేస్తానండి 🙏 వివరింపకి మాత్రం తాయారు గారి అర్థం తీసుకుంటున్నా, కని సంగతి మీరు ఇంకా తేల్చలేదు. ఇంకోటి, నాలుగో పాదంలో 'మనుజుడె పో' అని ఉంది కదా, ఆ పో ఏంటి? మా అబ్బాయి పక్కన కూర్చుని చదివి, ఎవర్ని పొమ్మంటున్నారు నాన్నా అంటున్నాడు.

ఛందస్సు మాస్టారు:
పొమ్మనడం కాదు, నొక్కి చెప్పడం. వాడే సుమా అన్నట్టు.

ఓరుగల్లు పిల్ల:
'సుమా' అంటే నొక్కుడు కంటె హెచ్చరిక ఎక్కువ కదా మాస్టారూ? రెండూ ఒకటెట్లయితయ్? కొత్త పోస్టు పెట్టుండ్రి దీనికి.