జాక్2: లైవ్‌లో సింక్ పెట్టాలా, ఎసింక్ ఉంచాలా?

శ్రుతిపెట్టె: లైవ్‌లో గొంతుకి కంప్రెసర్ (హెచ్చుతగ్గులు సమం చేసేది), రివర్బ్ (ప్రతిధ్వని) లినక్స్ లాప్‌టాప్‌లోనే వేస్తున్నా. 48 కిలోహెర్ట్జ్, ఒక్కో పీరియడ్‌లో (సౌండ్ పంపే ఒక్కో విడతలో) 128 ఫ్రేములు (శాంపిళ్లు), 2 పీరియడ్లు. ప్రోగ్రాములకీ సౌండ్‌కార్డుకీ మధ్య సౌండ్ మోసే సర్వర్ జాక్2 మామూలుగా ఎసింక్‌లో నడుస్తుంది, మొదలుపెట్టేటప్పుడు -ఎస్ (-S) ఆప్షన్ ఇస్తే సింక్. లైవ్ చేసేవాళ్లు ఎవరైనా -ఎస్ పెట్టాల్సిందే అంటాను. ఎసింక్‌లో అదనంగా పడే ఒక పీరియడ్ ఆలస్యం ఊరికే ఎందుకు మోయాలి?

రాత్రిమిక్సర్: ఊరికే కాదండీ. సింక్‌లో సర్వర్ క్లయింట్లందరూ (జాక్‌కి తగిలించిన ప్రోగ్రాములు) పని ముగించేదాకా ఆగి, అదే సైకిల్‌లో సౌండ్‌కార్డుకి ఇస్తుంది. ఒక్కరు గడువు దాటినా ఎక్స్‌రన్ (సౌండ్ సమయానికి అందకపోవడం), మొత్తం సౌండ్ టప్పుమంటుంది. ఎసింక్‌లో ఎవరి కోసమూ ఆగదు, క్రితం సైకిల్‌లో తయారైనది పంపేస్తుంది. వెనకబడ్డ క్లయింట్ సౌండ్ పోతుంది, దానితో సంబంధం లేనివి సాగిపోతాయి. ఇందుకు అదనంగా పడేది 2.67 మిల్లీసెకన్లు. అంతసేపట్లో శబ్దం గాలిలో 90 సెంటీమీటర్లు పోతుంది. మానిటర్ స్పీకర్ మూడడుగులు వెనక్కి జరిపితే ఏ గాయకుడూ గొడవ చేయడు.

శ్రుతిపెట్టె: స్పీకరైతే సరే. ఇయర్‌ఫోన్స్‌లో? సొంత గొంతు ఎముకల గుండా ముందే వినిపిస్తుంది. తర్వాత ఇయర్‌ఫోన్‌లోది వచ్చి కలిస్తే కొన్ని ఫ్రీక్వెన్సీలు కొట్టుకుపోయి గొంతు డొల్లగా ఉంటుంది.

సి_చిన్నా: అది -ఎస్‌తో పోతుందా బ్రో? అవుట్‌పుట్ వైపే సింక్‌లో 5.3 మిల్లీసెకన్లు, ఎసింక్‌లో 8. రెండింటిలోనూ డొల్లే. కార్డులో డైరెక్ట్ మానిటరింగ్ (మైకు సౌండ్ కంప్యూటర్ దాకా పోకుండా నేరుగా వినిపించడం) ఉంటే గొంతు అక్కణ్నుంచే విను, కంప్యూటర్ నుంచి రివర్బ్ ఒక్కటే తీసుకో. రివర్బ్ కాస్త ఆలస్యమైనా చెవికి తెలియదు. ఇంకోటి, సింక్‌లో టప్పులొస్తున్నాయని చాలామంది పీరియడ్‌ని 256 ఫ్రేములకి పెంచేస్తారు. అప్పుడు 10.7. దానికంటే 128లో ఎసింకే నయం కదా!

మృదంగం64: అసలు సంగతి వదిలేశారు. ఎసింక్ చూపించే ఓర్పు క్లయింట్ల మధ్యే పనికొస్తుంది. ఎఫెక్ట్ ప్లగిన్లన్నీ ఒకే హోస్ట్‌లో (ప్లగిన్లని నడిపే ప్రోగ్రాములో) ఉంటే జాక్‌కి కనిపించేది ఒక్క క్లయింటే. అది ఆలస్యమైతే ఇంక సాగడానికి మిగిలేదేముంది? సింథ్, ఎఫెక్టులు, రికార్డర్ వేర్వేరు ప్రోగ్రాములైతే ఎసింక్‌కి అర్థముంది. అక్కడ కూడా గొలుసులో వెనకున్నవి ముందున్నదానితో పాటే పోతాయి. పైగా ఎసింక్ పెట్టినంత మాత్రాన సీపీయూ వేగం పెరగదు.

శ్రుతిపెట్టె: నాది ఒకే హోస్ట్. అంటే నేనే గెలిచానన్నమాట :)

రాత్రిమిక్సర్: మీ లాప్‌టాప్ వరకు -ఎస్ పెట్టుకోండి. మీరన్నది "లైవ్ చేసేవాళ్లు ఎవరైనా" అని. దాన్ని నేను ఒప్పుకోను.