అమ్మ కీప్యాడ్ ఫోనుకు తక్కువ ఖర్చుతో ఏ రీఛార్జి వేయించాలి?

ప్రశ్న (చెన్నై వేళచ్చేరి నుంచి)

నమస్కారం. మా అమ్మకు 74 ఏళ్లు. నాన్న పోయిన తరువాత ఆమెను నెల్లూరు నుంచి తీసుకువచ్చి, వేళచ్చేరిలో మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక చిన్న పోర్షను చూసి పెట్టాము. మాతోనే ఉండమంటే ఒప్పుకోలేదు. ఆమె దగ్గర ఉన్నది పాత 2జీ కీప్యాడ్ ఫోను. మూత ఊడిపోకుండా దానికి రబ్బరు బ్యాండు వేసి, వెనుక ప్లాస్టరు ముక్క అంటించి, దాని మీద నా నంబరు, తమ్ముడి నంబరు రాసి పెట్టుకుంది. రోజుకు ఒకసారి నెల్లూరులో ఉన్న పిన్నితో పది నిమిషాలు మాట్లాడుతుంది. మిగిలినవన్నీ మేము చేసే ఫోన్లే. ఇంటర్నెట్టుతో ఆమెకు పని లేదు. అయితే పెన్షను పడే బ్యాంకు ఖాతాకు, ఆధార్‌కు, గ్యాసుకు అదే నెల్లూరు నంబరు ఇచ్చి ఉన్నాము కాబట్టి ఓటీపీలన్నీ ఆ ఫోనుకే వస్తాయి.

ఇంతవరకు నేను 28 రోజులకు 199 రూపాయల ప్యాకు వేస్తూ వచ్చాను. పోయిన నెల ఆఫీసు పని మీద ఊరు వెళ్లి ఆ తేదీ మరిచిపోయాను. మొదట అవుట్‌గోయింగ్ ఆగింది, కొద్ది రోజులకు ఇన్‌కమింగ్ కూడా ఆగింది. తమ్ముడు ఎన్నిసార్లు చేసినా కలవడం లేదని చెబితే మా ఆవిడ పరుగున వెళ్లి చూసింది. అమ్మ ఫోనును దేవుడి గూటి పక్కన ఛార్జింగులో పెట్టుకుని కూర్చుని ఉందట. "రెండు రోజులుగా మోగలేదు, అందరూ పనుల్లో ఉన్నారేమోలే అనుకున్నాను" అన్నదట. ఆ మాట విన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. ఆ రెండు రోజుల్లో ఆమెకు ఏదైనా అయి ఉంటే ఎవరికి చెప్పుకునేది?

ఏడాదికి ఒకసారి వేయించి నిశ్చింతగా ఉండగలిగే, డబ్బు వృథా కాని ప్యాకు ఏదో తెలిసినవారు చెప్పగలరు. సిమ్‌లో 20 రూపాయల బ్యాలెన్సు ఉంచితే చాలునని మా పక్కింటివారు అంటున్నారు, అది నిజమేనా? బీఎస్ఎన్ఎల్‌కు మారడం మంచిదా?

జవాబు (పెరంబూరు నుంచి)

మీ అమ్మగారికి కావలసింది డేటా కాదు, రోజులు. ఇది ముందుగా మనసులో పెట్టుకుంటే లెక్క తేలిక అవుతుంది. 28 రోజుల ప్యాకును మనం నెల ప్యాకు అనుకుంటాము కానీ ఏడాది గడవాలంటే అది 13 సార్లు వేయాలి. 199 చొప్పున 13 సార్లంటే 2,587 రూపాయలు, అంటే రోజుకు ఏడు రూపాయల పైనే. ఆ ప్యాకుతో వచ్చే డేటాను 2జీ ఫోనులో ఎలాగూ వాడలేరు.

డేటా అక్కరలేనివారి కోసం కాల్స్, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే ప్యాకు ఒక్కటైనా ప్రతి కంపెనీ ఇవ్వాలని, ఆ ప్యాకుకు 365 రోజుల వరకు వాలిడిటీ పెట్టవచ్చని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో నిబంధన తెచ్చింది. దాని ప్రకారం 2025 జనవరిలో కొత్త ప్యాకులు వచ్చాయి. ఎయిర్‌టెల్‌లో 84 రోజులకు 469, 365 రోజులకు 1,849 రూపాయలు. జియోలో 84 రోజులకు 448, 336 రోజులకు 1,748 రూపాయలు. దేశంలో ఏ నంబరుకైనా ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు. ఎయిర్‌టెల్ ఏడాది ప్యాకు రోజుకు సుమారు ఐదు రూపాయల ఏడు పైసలు పడుతుంది, జియోది మరో పదమూడు పైసలు ఎక్కువ. అయితే జియోకు 4జీ, 5జీ తప్ప 2జీ లేదు కాబట్టి అమ్మగారి చేతిలో ఉన్న ఫోనులో ఆ సిమ్ అసలు పని చేయదు. జియోభారత్ అని 4జీ కీప్యాడ్ ఫోను 2023లో 999 రూపాయలకు వచ్చింది, దానికి 28 రోజులకు 123 రూపాయల చవక ప్యాకు కూడా ఉంది, కానీ ఆ ప్యాకు ఆ ఫోనుకే వర్తిస్తుంది. చీకట్లో తడుముకుని కూడా నొక్కగలిగేంతగా బొత్తాలు అలవాటైన ఫోనును, కొద్ది వందలు మిగులుతాయని ఈ వయసులో మార్పించడం నాకు ఇష్టం లేదు.

మా అత్తగారికి నేను 365 రోజుల ప్యాకు సంక్రాంతికి వేయిస్తాను. సంక్రాంతి ప్రతి ఏడూ జనవరి 14నో 15నో వస్తుంది కాబట్టి, పండుగ సామాను తెచ్చుకునే రోజున ఫోను సంగతి కూడా గుర్తుకు వస్తుంది. ఉగాదికి పెట్టుకుంటే తేదీ ముందుకూ వెనక్కూ జరుగుతుంది. 336 రోజుల ప్యాకయితే ఏటా దాదాపు నెల రోజులు ముందుకు జరిగిపోతుంది, అక్కడే మరుపు వస్తుంది.

జవాబు (అంబత్తూరు నుంచి)

మీ పక్కింటివారు చెప్పింది నిజమే. నా రెండో సిమ్‌లో నేను 20 రూపాయల బ్యాలెన్సు మాత్రమే ఉంచుతున్నాను, ఇంతవరకు నంబరు పోలేదు. అంత డబ్బు పోసి ఏడాది ప్యాకు ఎందుకు?

జవాబు (కోడంబాక్కం నుంచి)

అంబత్తూరువారు అన్యథా భావించవద్దు. ఆ సలహా మీ రెండో సిమ్‌కు సరిపోతుంది గాని ఈ అమ్మగారికి సరిపోదు. నేను కోడంబాక్కంలో పదకొండేళ్లుగా ఫోన్ల దుకాణం నడుపుతున్నాను. ఈ 20 రూపాయల మాట విని నష్టపోయిన పెద్దవారిని కౌంటరు ముందు చూస్తూనే ఉన్నాను.

అసలు నిబంధన 2013లో వచ్చింది. ప్రీపెయిడ్ నంబరును 90 రోజుల పాటు ఏ విధంగానూ వాడకపోతే కంపెనీ దానిని రద్దు చేయవచ్చు. ఆ సమయానికి బ్యాలెన్సు 20 రూపాయలో అంతకంటే ఎక్కువో ఉంటే, 20 రూపాయలు కోసుకుని మరో 30 రోజులు నంబరును నిలిపి ఉంచాలి. అంటే ఆ 20 రూపాయలు నంబరు వేరొకరికి పోకుండా కాపాడతాయి, అంతవరకే. ప్యాకు అయిపోయిన సిమ్‌కు ఫోన్లు రావడానికి, ఓటీపీలు రావడానికి ఆ నిబంధనలో హామీ ఏమీ లేదు. ఫోను మోగవలసిన మనిషికి నంబరు కాగితం మీద బతికి ఉంటే ఏం లాభం? పైగా 10 రూపాయల టాప్-అప్ వేస్తే చేతికి వచ్చే టాక్‌టైమ్ 7 రూపాయల 47 పైసలు మాత్రమే కాబట్టి 20 నిలవాలంటే అంతకంటే ఎక్కువే వేయాలి. ఆమె పొరపాటున ఏదో బొత్తాం నొక్కి కాలర్ ట్యూన్ వంటి సేవ మొదలైతే ఆ బ్యాలెన్సు కూడా కరిగిపోతుంది. అలాంటివి 155223కు చేసి ఆపించుకోవచ్చు.

నంబరు రద్దయిందంటే, 90 రోజులు గడిచిన తరువాత దానిని కొత్తవారికి కేటాయించవచ్చు. మీ అమ్మగారి పెన్షను ఖాతా ఓటీపీ ఎవరో ముక్కూ మొహమూ తెలియనివారి ఫోనుకు వెళ్లడం ఎంత ప్రమాదమో నేను చెప్పనక్కరలేదు.

ఇక బీఎస్ఎన్ఎల్. ఖర్చు చూస్తే అదే చవక. 1,198 రూపాయల ప్యాకుకు 365 రోజుల వాలిడిటీ ఉంది, నెలకు 300 నిమిషాల కాల్స్, 3 జీబీ డేటా, 30 ఎస్సెమ్మెస్‌లు ఇస్తారు. రోజుకు పది నిమిషాలు మాట్లాడే మనిషికి 300 నిమిషాలు అంచు దాకా సరిపోతాయి, పండుగ నెలలో చాలకపోవచ్చు. వచ్చే ఫోన్లు ఆ లెక్కలోకి రావు కాబట్టి, పిన్నిగారినే చేయమంటే ఇబ్బంది ఉండదు. కానీ సిగ్నలు చూసుకోకుండా మారవద్దు. మారిన తరువాత 90 రోజుల దాకా మళ్లీ వేరే కంపెనీకి వెళ్లడానికి వీలుండదు. తెలిసినవారి బీఎస్ఎన్ఎల్ సిమ్ ఒకటి అడిగి తెచ్చి, అమ్మగారి ఫోనులోనే వేసి, ఆమె పడుకునే గదిలో, వంటింట్లో, తలుపు మూసిన స్నానాల గదిలో ఒక పూట పెట్టి చూడండి. పెద్దవారు జారిపడేది ఎక్కువగా స్నానాల గదిలోనే.

మారాలని నిశ్చయించుకుంటే, PORT అని ఇంగ్లీషులో రాసి, ఒక ఖాళీ వదిలి, పది అంకెల నంబరు రాసి 1900కు ఎస్సెమ్మెస్ పంపాలి. ప్యాకు అయిపోయిన సిమ్ నుంచి కూడా ఈ ఎస్సెమ్మెస్ వెళ్లేలా చూడాలని ట్రాయ్ 2021 డిసెంబరులో కంపెనీలను ఆదేశించింది. వచ్చిన కోడు నాలుగు రోజులు చెల్లుతుంది. నంబరు ఆంధ్రది, మీరు ఉన్నది చెన్నైలో కాబట్టి మారడానికి ఐదు పని దినాలు పట్టవచ్చు, ఒకే సర్కిల్లో (ఫోను కంపెనీల లెక్కలో ఒకే ప్రాంతంలో) అయితే మూడు. ఈ మధ్యనే అరిగిన సిమ్ మార్పించి ఉంటే, 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న నిబంధన ప్రకారం ఏడు రోజులు ఆగాలి. పాత సిమ్‌లో మిగిలిన బ్యాలెన్సు కొత్తదానికి రాదు. పెన్షను పడే వారంలో మాత్రం ఈ పని పెట్టుకోవద్దు.

జవాబు (పళ్లికరణై నుంచి)

ప్యాకు గురించి పైవారు చెప్పారు, నేను ఆపద గురించి చెబుతాను. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు మా వీధిలో నడుము లోతు నీరు నిలిచింది, కరెంటు పోయింది. మా ఇంట్లో నలుగురికి నాలుగు ఫోన్లు ఉన్నాయి, నాలుగూ ఒకే కంపెనీవి. ఒకేసారి నాలుగింటికీ సిగ్నలు పోయింది. మామగారికి ఇన్సులిన్ అయిపోతోంది, ఎవరికీ చెప్పే దారి లేదు. పై అంతస్తులో ఉన్న ఒక పెద్దావిడ దగ్గర వేరే కంపెనీ సిమ్ ఉన్న కీప్యాడ్ ఫోను ఉంది, మెట్ల మీద నిలబడితే దానికి ఒక గీత సిగ్నలు వచ్చేది. స్మార్టుఫోన్లన్నీ మొదటి రోజే చల్లబడినా ఆ ఫోను మూడో రోజు కూడా బతికి ఉంది. ఇన్సులిన్ కోసం మా బావమరిదికి కబురు వెళ్లింది ఆ ఫోను నుంచే.

అందుకని అమ్మగారి సిమ్ ఏ కంపెనీదైతే మీ సిమ్ ఆ కంపెనీది కాకుండా చూసుకోండి. దీనికి అదనపు ఖర్చు కూడా లేదు.

మరొక విషయం. 2017 నుంచి అమ్మే కీప్యాడ్ ఫోన్లలో 5 గాని 9 గాని కాసేపు నొక్కి పట్టుకుంటే అత్యవసర కాల్ వెళ్లే ఏర్పాటు ఉండాలని కేంద్రం నిబంధన పెట్టింది. అమ్మగారి ఫోను అంతకంటే పాతదైతే అది ఉండకపోవచ్చు కాబట్టి 112, అంబులెన్సు నంబరు 108 పెద్ద అంకెలతో రాసి గోడకు అంటించండి. అంతకంటే ముందు 2వ బొత్తానికి మీ నంబరు, 3కు తమ్ముడి నంబరు స్పీడ్ డయల్‌గా పెట్టి, ఆమె చేత నాలుగు రోజులు రోజూ చేయించండి. కంగారులో చేతికి అలవాటైన బొత్తామే దొరుకుతుంది.

ప్రశ్న అడిగినవారు (వేళచ్చేరి నుంచి)

అందరికీ ధన్యవాదాలు. నిన్న ఆదివారం మిత్రుడి బీఎస్ఎన్ఎల్ సిమ్ తెచ్చి పెట్టి చూశాను. వరండాలో, వంటింట్లో బాగానే ఉంది గాని స్నానాల గదిలో తలుపు వేస్తే రెండుసార్లు ఫోను కలవలేదు. ఏడాదికి 651 రూపాయలు మిగిలేవి, అయినా మనసు ఒప్పలేదు. ఉన్న కంపెనీలోనే 1,849 రూపాయల ఏడాది ప్యాకు వేయించాను. నాదీ అదే కంపెనీ అని పళ్లికరణైవారు చెప్పేదాకా ఆలోచించనే లేదు, కాబట్టి నా నంబరును వేరే కంపెనీకి మార్చుకుంటున్నాను.

స్పీడ్ డయల్ కూడా పెట్టాను. ఈ ఉదయం ఆరు గంటలకు ఫోను మోగింది. కంగారుగా ఎత్తితే, "2 నొక్కాను, నీకే వచ్చిందిరా" అని అమ్మ. తమ్ముడికి కూడా ఒకసారి నొక్కి చూస్తానని పెట్టేసింది.

కోడంబాక్కంవారిని ఒక్క మాట అడుగుతాను. బ్యాంకులో అమ్మ నంబరుతో పాటు నా నంబరుకు కూడా ఎస్సెమ్మెస్‌లు వచ్చేలా చేయించవచ్చా, లేక ఖాతాకు ఒక్క నంబరే ఇవ్వాలా?

జవాబు (కోడంబాక్కం నుంచి)

అది బ్యాంకును బట్టి ఉంటుంది కాబట్టి శాఖలోనే అడగండి. ఓటీపీ మాత్రం అమ్మగారి నంబరుకే ఉండనివ్వండి, ఆమె ఖాతా ఆమె చేతిలో ఉండడమే మంచిది. సిమ్ కట్ అవుతుందనో, బ్యాంకు నుంచి అనో ఎవరైనా ఫోను చేసి ఓటీపీ అడిగితే చెప్పకుండా పెట్టేసి, 2 నొక్కమని చెప్పండి. పొరపాటున డబ్బు పోతే ఆ క్షణమే 1930కు ఫిర్యాదు చేయాలి. ఆ నంబరు కూడా 112, 108 పక్కనే గోడ మీద రాయండి.